విందులో వైన్, వీధిలో ఆకలి: డబ్లిన్ నుంచి ఖరగ్‌పూర్ దాకా వి.వి.గిరి

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో హెన్రియెట్టా స్ట్రీట్ అనే చిన్న వీధి ఒకటి ఉంది. 18వ శతాబ్దంలో ప్రభువులు, ఆర్చిబిషప్పులు కట్టుకున్న పెద్ద పెద్ద ఇటుక భవనాలు దానికి రెండు వైపులా నిలబడి ఉంటాయి. 1911 జనాభా లెక్కల నాటికి ఆ భవనాల వైభవం పూర్తిగా పోయింది. గదికో కుటుంబం చొప్పున పేదలకు అద్దెకిచ్చేవారు. 14వ నంబరు ఇంట్లోనే వంద మంది కాపురం ఉండేవారు. వీధి మొత్తం మీద ఇలాంటి వాళ్లు 800 మందికి పైనే.

ఆ వీధి చివర, దారికి అడ్డంగా కట్టిన రాతి భవనం కింగ్స్ ఇన్స్. ఐర్లండ్‌లో బారిస్టర్ కావాలనుకునే వాళ్లంతా చేరాల్సిన న్యాయవాదుల సంస్థ అది. అక్కడ పాఠాలు వింటే సరిపోదు, పరీక్షలు పాసైనా చాలదు. ఏటా నిర్ణీత సంఖ్యలో విందులకు హాజరు కావాలి. నల్ల గౌను వేసుకుని, పొడవాటి బల్లల ముందు జట్లుగా కూర్చుని, పెద్దలు ఎత్తయిన వేదిక మీద తింటుంటే వీళ్లు కింద తినాలి. భోజనంతో పాటు వైన్ కూడా వడ్డిస్తారు. ఇన్ని విందులు తిన్నాడని లెక్క తేలితేనే బారిస్టర్ పట్టా.

1913లో బరంపురం నుంచి వెళ్లిన 19 ఏళ్ల తెలుగు కుర్రాడు ఆ విందుల కోసం నడిచిన వీధి అదే. అటూ ఇటూ ఆకలి, చివర్లో విందు. ఆ కుర్రాడు వరాహగిరి వెంకటగిరి. తర్వాత భారత రాష్ట్రపతి అయ్యారు కాబట్టి ఆయన జీవితం అనగానే మనకు 1969 ఎన్నిక, ఇందిరా గాంధీ, నీలం సంజీవరెడ్డి, అంతరాత్మ ఓటు గుర్తొస్తాయి. ఆ కథ చాలామంది చాలాసార్లు చెప్పారు. గిరి బతుకును మలుపు తిప్పిన ఊళ్లు మాత్రం వేరే ఉన్నాయి. ఒకటి డబ్లిన్, రెండోది ఖరగ్‌పూర్. ఈ రెండింటి మధ్యా ఆయన జీవితమంతా అన్నం, సారా, ప్రయాణం చుట్టూ తిరిగింది.

గంజాం జిల్లా కుర్రాడు

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న ప్లీడరు. తల్లి సుభద్రమ్మ. కుటుంబం మూలాలు గోదావరి జిల్లా చింతలపల్లిలో ఉన్నా, కాపురం ఒడియా, తెలుగు కలిసి వినిపించే ఊళ్లో. ఇంట్లో పప్పూ పులుసూ, వీధిలో పఖాళొ. ఇలాంటి సరిహద్దు ఊళ్లో పెరిగిన వాళ్లకు పక్కవాడి భాష, పక్కవాడి వంట వింతగా తోచవు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్లిపోయింది. కదలకుండా ఇంట్లో కూర్చున్న గిరి కుటుంబం కూడా అలా వేరే రాష్ట్రం వాళ్లయ్యారు.

కల్లికోట కళాశాలలో చదువు అయ్యాక న్యాయశాస్త్రం కోసం ఐర్లండ్ వెళ్లారు. తెలుగు ప్లీడర్ల పిల్లలు అప్పట్లో ఎక్కువగా లండన్ వైపు చూసేవారు. అయితే 1909లో మదన్‌లాల్ ఢీంగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపాక లండన్‌లో భారతీయ విద్యార్థులపై పోలీసు నిఘా బాగా పెరిగింది. డబ్లిన్ దారి పట్టిన వాళ్లు కొందరున్నారు. బారిస్టర్ పట్టాకు అవసరమైన ఏడాది కోర్సు కోసం 1914-15లో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో చేరిన తొలి 13 మంది భారతీయ విద్యార్థుల్లో గిరి ఒకరు. 1917 వరకు అలా అక్కడ చదివిన వారు సుమారు 50 మంది. గిరి మరో అడుగు ముందుకేసి బి.ఏ.లో కూడా చేరారు. ఆంగ్ల సాహిత్యం చెప్పినాయన థామస్ మెక్‌డొనా అనే కవి. అర్థశాస్త్రం చెప్పినాయన థామస్ ఫిన్లే అనే జెసూట్ ఫాదరీ.

ఈ ఫిన్లే తరగతి గదికే పరిమితమైన పంతులు కారు. ఐర్లండ్ పల్లెల్లో రైతులు పాలు, వెన్న కలిసి అమ్ముకునేలా సహకార సంఘాలు పెట్టించిన ఉద్యమంలో ముందు వరుసలో ఉన్న మనిషి. ఐర్లండ్ వెన్న అంటే ఇప్పుడు మన సూపర్‌మార్కెట్లలో ఖరీదైన డబ్బా. అప్పట్లో అది దళారుల చేతిలో చిక్కిన రైతు బతుకు సమస్య. అర్థశాస్త్రం పాలక్యాన్ నుంచి మొదలవుతుందని చెప్పగల గురువు దొరకడం అదృష్టమే.

ఓడలో వచ్చిన బంగాళాదుంపలు

గిరి డబ్లిన్ వెళ్లిన సంవత్సరానికి ఆ నగర చరిత్రలో ఒక పేరుంది: లాకౌట్ సంవత్సరం. రవాణా కార్మిక సంఘంలో ఉండబోమని సంతకం పెట్టిన వాళ్లకే పని అని విలియం మార్టిన్ మర్ఫీ నాయకత్వంలో యజమానులు 1913 ఆగస్టు, సెప్టెంబరులో తేల్చి చెప్పారు. దాదాపు 20 వేల మంది కార్మికులు వీధిన పడ్డారు. వారి మీద ఆధారపడ్డ వాళ్లను కలుపుకుంటే నగరంలో పెద్ద భాగం. అదే సెప్టెంబరులో చర్చి స్ట్రీట్‌లో పాత అద్దె ఇళ్లు కూలి ఏడుగురు చనిపోయారు. కార్మిక సంఘం ఆఫీసు లిబర్టీ హాల్ నేలమాళిగలో వంటశాల వెలిసింది. పెద్ద పెద్ద డేగిశాల్లో సూప్ కాచి పంచారు. సెప్టెంబరు చివర్లో బ్రిటిష్ కార్మిక సంఘాలు చందాలు వేసుకుని పంపిన 'హేర్' అనే ఓడ రొట్టెలు, బంగాళాదుంపలు, చక్కెర, టీ పొట్లాలతో డబ్లిన్ రేవుకు వచ్చింది. ఎక్కడో ఇంగ్లండ్‌లో ఉన్న కార్మికుడు తన జేబులోంచి తీసి పంపిన తిండి అది.

1914 ఆరంభానికి కార్మికులు ఓడిపోయారు. ఆకలికి తట్టుకోలేక ఒక్కొక్కరూ పనిలోకి తిరిగి వెళ్లారు. ఓడినా సంఘం చావలేదు. సమ్మె నిలవాలంటే ఉపన్యాసం కన్నా ముందు వంటశాల నిలవాలన్న పాఠం మిగిలింది.

మరో పాఠం కూడా ఉంది. డబ్లిన్ అంటే గిన్నిస్ బీరు నగరం. సెయింట్ జేమ్స్ గేట్‌లోని ఆ సారాయి కర్మాగారం అప్పట్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. రేవులో మూటలు మోసే కూలీలకు వారం జీతం తాగుడు దుకాణాల్లోనే ఇచ్చే అలవాటు ఉండేది. జీతం చేతికి రాకముందే సగం గల్లాపెట్టెలోకి పోయేది. దాన్ని మాన్పించడానికి పోరాడిన జిమ్ లార్కిన్ స్వయంగా మందు ముట్టని మనిషి. తాగుడు మీద పోరాటం అంటే మనకు సాధారణంగా మతం, సంస్కరణ, నీతి బోధ గుర్తొస్తాయి. డబ్లిన్ రేవులో అది జీతం సమస్య. గిరి తర్వాత దేశంలో చేసిన పనులను చూస్తే ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది.

బారిస్టర్ విందుల్లో వైన్‌కు సంబంధించి గాంధీ తన ఆత్మకథలో చెప్పుకున్న సంగతి చాలామందికి తెలిసిందే. లండన్‌లో నలుగురి జట్టుకు రెండు సీసాలు ఇచ్చేవారు. గాంధీ తాగరు కాబట్టి ఆయన్ను తమ జట్టులో చేర్చుకోవాలని తోటి విద్యార్థులు పోటీ పడేవారు. పాతికేళ్ల తర్వాత, 1914లో, అదే గాంధీని కలవడానికి గిరి డబ్లిన్ నుంచి లండన్ వెళ్లారు. దక్షిణాఫ్రికా నుంచి అప్పుడే దిగిన గాంధీ వేరుశనగలు, అరటిపండ్లు, నిమ్మకాయలు, ఆలివ్ నూనెతో కాలం గడుపుతూ, పాలు కూడా మానేసి, ప్లూరసీతో బాధపడుతున్న రోజులవి. ఆ తిండి సరిపోదని గోఖలే పోరుపెడుతున్నా వినలేదు.

యుద్ధంలో గాయపడిన వాళ్లకు సేవ చేసే దళంలో చేరమని గాంధీ అడిగారు. గిరి సరేనన్నారు. డబ్లిన్‌కు తిరిగి వచ్చాక మనసు ఒప్పుకోలేదు. సామ్రాజ్యం కోసం చేసే ఏ పనైనా ఆయనకు అప్పటికే మింగుడు పడటం లేదు. ఆ మాట చెప్తే గాంధీ నొచ్చుకోకుండా వదిలేశారు. ఇరవై ఏళ్ల కుర్రాడు గాంధీకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం అప్పటి లెక్కలో చిన్న సంగతేమీ కాదు.

దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జరుగుతున్న దౌర్జన్యాలపై గిరి, ఆయన మిత్రులు డబ్లిన్‌లో ఒక కరపత్రం అచ్చు వేశారు. అది బ్రిటిష్ గూఢచారుల చేతిలో పడింది. అప్పటి నుంచి డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థుల గదుల మీద కన్ను పడింది. 1916 ఏప్రిల్ 24న ఈస్టర్ తిరుగుబాటు మొదలైంది. వారం తిరగకుండా అణచివేశారు. మే 3న కాల్చి చంపిన తొలి ముగ్గురిలో ఒకరు థామస్ మెక్‌డొనా, గిరికి పాఠం చెప్పిన మాస్టారు. మే 12న గాయాలతో నిలబడలేని జేమ్స్ కానలీని కుర్చీకి కట్టి కాల్చారు. లార్కిన్ అమెరికా వెళ్లాక కార్మిక సంఘాన్ని నడిపింది ఆయనే. ఈ నాయకులతో గిరికి సంబంధాలున్నాయని పోలీసులకు అనుమానం. సోదాలు జరిగాయి. జూన్ 1న, నెల రోజుల్లో దేశం విడిచి వెళ్లాలని గిరికి నోటీసు వచ్చింది. జూన్ 21న బారిస్టర్‌గా పట్టా అందుకున్నారు. బి.ఏ. పూర్తి కాలేదు.

సారా కొట్టు ముందు బారిస్టర్

తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేయించుకున్నారు. 1916 లక్నో కాంగ్రెస్‌కు వెళ్లారు, అనీబిసెంట్ హోంరూల్ ఉద్యమంలో తిరిగారు. బరంపురంలో ప్రాక్టీసు బాగానే సాగుతుండగా 1920లో గాంధీ పిలుపు విని కోర్టు మానేశారు. అంటే డబ్లిన్‌లో తిన్న విందులన్నీ వృథా పోయాయన్నమాట. కనీసం ఇంట్లో లెక్కలు చూసేవాళ్లకు అలాగే అనిపించి ఉండాలి.

ఆబ్కారీ అంటే అప్పట్లో మద్రాసు ప్రభుత్వానికి భూమిశిస్తు తర్వాత పెద్ద ఆదాయ వనరుల్లో ఒకటి. కల్లు, సారా దుకాణాలను ఏటా వేలం పాట వేసేవారు. పాడుకున్న కాంట్రాక్టరు ఆ డబ్బు రాబట్టుకోవాలంటే జనం ఎక్కువ తాగాలి. సర్కారు, కాంట్రాక్టరు, తాగే కూలీ ఒకే గొలుసు. సహాయ నిరాకరణలో కాంగ్రెస్ వాళ్లు ఆ పాటల ముందు బైఠాయించింది అందుకే. 1922లో సారా దుకాణాల పాటకు వ్యతిరేకంగా ఆందోళన చేసినందుకు గిరిని అరెస్టు చేశారు. వైన్ బల్ల దగ్గర కూర్చుంటే తప్ప రాని పట్టా ఉన్న బారిస్టరు, సారా కొట్టు ముందు కూర్చుని జైలుకు వెళ్లారు.

ఆయన తల్లి సుభద్రమ్మ కూడా మద్యనిషేధం కోసం బరంపురంలో నడిపిన సమ్మెలో అరెస్టయ్యారు. గిరి గురించి రాసే వాళ్లు ఈ వాక్యాన్ని ఒక మూల పెట్టి వెళ్లిపోతారు. పెద్దింటి బ్రాహ్మణ ఇల్లాలు గడప దాటి సారా కొట్టు వ్యవహారంలో అరెస్టు కావడం ఆ కాలపు బరంపురంలో ఎంత సంచలనమో ఊహించుకోవచ్చు. తాగుడు నష్టం ఆడవాళ్ల వంటింట్లోంచి చూస్తే తెలిసినంతగా కోర్టు హాల్లోంచి చూస్తే తెలియదు. 1990ల దూబగుంట దాకా ఆంధ్రలో సారా పోరాటాలన్నీ ఆ వంటింటి నుంచే వచ్చాయి.

తాగేవాడి వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. కొలిమి ముందు పది గంటలు నిలబడ్డవాడికి సాయంత్రం గ్లాసు కల్లు విలాసం కాదని, కల్లుగీత మీద బతికే కులాల నోటికాడి కూడు పోతుందని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. గిరి తరం కాంగ్రెస్ నాయకులు ఆ మాటకు సరైన జవాబు ఎన్నడూ చెప్పలేదు. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టినప్పుడు ఆ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి గిరి.

బి.ఎన్.ఆర్. వారి ఊరు

ఇక ఖరగ్‌పూర్. బెంగాల్‌లోని మేదినీపూర్ జిల్లాలో ఎర్రమట్టి నేల మీద, సంతాల్ పల్లెల మధ్య, 1898 ప్రాంతంలో బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే బి.ఎన్.ఆర్., స్టేషన్‌తో పాటు పెద్ద వర్క్‌షాపు కట్టడం మొదలుపెట్టింది. కలకత్తా నుంచి నాగపూర్ వైపు, మద్రాసు వైపు వెళ్లే దారులు అక్కడ విడిపోతాయి. కటకం నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పు తీర మార్గం కూడా ఆ కంపెనీ చేతిలోనే ఉండేది. దాంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలి కోసం, కొలువు కోసం వెళ్లేవారికి ఖరగ్‌పూర్ దగ్గరి ఊరు అయిపోయింది. ఒకే కంపెనీ రైలు ఎక్కితే ఒకే రాత్రిలో చేరొచ్చు. కాకినాడ నుంచి రంగూన్ ఓడ ఎక్కిన వాళ్లకున్న సముద్రం దూరం వీళ్లకు లేదు. అయినా పరాయి దేశమే. భాష తెలియదు, నూనె వాసన వేరు. ఇంటి దగ్గర నువ్వుల నూనె, అక్కడ ఆవనూనె.

ఖరగ్‌పూర్‌ను ఇవాళ మినీ ఇండియా అంటారు. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా, తమిళం, పంజాబీ ఒకే బజారులో వినిపిస్తాయి. గోల్‌బజార్‌లో చింతపండు, ఎండుమిరపకాయలు వెతుక్కోనక్కర్లేదు. మాతపూజకు ఊళ్లో తెలుగు వాళ్లు చేసే సందడి అక్కడి బెంగాలీలకూ తెలుసు. ఇడ్లీ బండి దగ్గర చట్నీ, పక్కనే ఆలూ చాప్, మూరీ. ఇదంతా మూడు నాలుగు తరాలుగా రైల్వే జీతం మీద పెరిగిన తిండి.

కంపెనీ కాలంలో ఊరు రెండు ముక్కలు. యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లకు తోటలున్న బంగళాలు, డాన్సు హాలున్న క్లబ్బులు. భారతీయ కార్మికులకు వరస క్వార్టర్లు, అవీ అందరికీ దొరికేవి కావు. స్టేషన్లలో హిందువుల నీళ్లు, ముస్లింల నీళ్లు విడిగా ఉండేవి. రిఫ్రెష్‌మెంట్ రూములో తెల్ల ప్రయాణికుడికి విస్కీ సోడా దొరికేది. భోజనప్రియులు బి.ఎన్.ఆర్. పేరును ఇప్పటికీ తలుచుకుంటారు, పూరీ సముద్రతీరంలో ఆ కంపెనీ నడిపిన హోటల్ వల్ల. అక్కడి రైల్వే మటన్ కర్రీ గురించి పేజీలకు పేజీలు రాసిన వాళ్లున్నారు. ఆ హోటల్‌కు అతిథులను తెచ్చిన ఇంజిన్లకు మరమ్మతు చేసిన ఖరగ్‌పూర్ ఫిట్టర్ ఏం తినేవాడో రాసిన వాళ్లు తక్కువ. 1929లో వేసిన రాయల్ లేబర్ కమిషన్ దేశంలోని పారిశ్రామిక కూలీల అప్పుల గురించి, కాబూలీ వడ్డీవ్యాపారుల గురించి, తాగుడు గురించి రాసింది చదివితే కొంత తెలుస్తుంది. జీతం రోజున గేటు బయట కర్ర పట్టుకుని నిలబడ్డ కాబూలీ ఆ కాలపు కార్మిక వాడలన్నిటికీ తెలిసిన మనిషి.

గిరి ఈ రైల్వే కార్మికుల్లోకి 1920ల్లో వచ్చారు. బరంపురం కూడా బి.ఎన్.ఆర్. దారి మీదే ఉంది కాబట్టి ఇంటి ముందు నుంచి పోయే రైలు వాళ్ల కష్టాలు ఆయనకు కొత్త కావు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయన ఒకరు. పదేళ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శి. బి.ఎన్.ఆర్. కార్మిక సంఘానికి నాయకుడు. ఖరగ్‌పూర్‌లో గిరికి ఒక సదుపాయం ఉంది. కార్మికుల్లో పెద్ద భాగంతో ఆయన తెలుగులోనే, అదీ ఉత్తరాంధ్ర, గంజాం మాటల్లోనే మాట్లాడగలరు. పక్క ఒడియా వాళ్లతోనూ ఇబ్బంది లేదు. కంపెనీ ఏజెంటుతో మాట్లాడటానికి డబ్లిన్ ఇంగ్లిష్ ఉంది. అప్పటి కార్మిక నాయకుల్లో చాలామందికి రెండో సామర్థ్యమే ఉండేది.

1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్‌లో సమ్మె మొదలైంది. నెల రోజుల లోపు ముగిసింది. ఆ ఏడాదే గిరి జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. పదకొండేళ్ల కిందట నోటీసు ఇచ్చి యూరప్ నుంచి పంపించేసిన మనిషి, ఈసారి అధికారిక ప్రతినిధిగా వెళ్లారు. సరస్సు ఒడ్డున ఉన్న ఆ చక్కటి నగరంలో కార్మికుల బాగు గురించి తీర్మానాలు జరుగుతుంటే, ఇక్కడ బి.ఎన్.ఆర్. యాజమాన్యం వర్క్‌షాపులో మనుషులను తగ్గించే జాబితా తయారు చేస్తోంది.

సెప్టెంబరులో ఆ జాబితా బయటికి వచ్చింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వందల మందికి ఉద్వాసన. కార్మికులు ఒప్పుకోలేదు. యాజమాన్యం గేట్లు మూసింది. డబ్లిన్‌లో 1913లో విన్న మాటే ఖరగ్‌పూర్‌లోనూ వినిపించింది: లాకౌట్. డిసెంబరు దాకా సాగింది. దసరా, దీపావళి అందులోనే పోయాయి. బెంగాల్‌లో దుర్గాపూజ నెల అంటే కొత్త బట్టలు, మిఠాయి, ఇంటికి మనియార్డరు పంపే నెల. జీతం లేని పూజ ఎలా ఉంటుందో ఆ సంవత్సరం ఖరగ్‌పూర్ తెలుసుకుంది.

రైల్వే ఊళ్లో లాకౌట్ మామూలు ఊళ్లో సమ్మె లాంటిది కాదు. ఇల్లు కంపెనీది, నీళ్ల కొళాయి కంపెనీది, ఆసుపత్రి కంపెనీది. కిరాణా కొట్టువాడు ఖాతా రాసుకునేదే కంపెనీ జీతం చూసి. గేటు మూసిన రోజే పప్పు, బియ్యం గురించి ఆలోచన మొదలవుతుంది. పైగా వెయ్యి కిలోమీటర్ల లోపే సొంతూరు ఉన్నా, ఊరికి వెళ్లి కూర్చోవడానికి చాలామందికి అక్కడ సెంటు భూమి ఉండదు. ఉంటే అసలు ఖరగ్‌పూర్ వచ్చేవాళ్లే కాదు. హింసకు పోకుండా ఈ మనుషులను నెలల తరబడి కట్టడి చేసి నిలబెట్టడమే గిరి చేసిన పెద్ద పని. యాజమాన్యం, ప్రభుత్వం దిగి వచ్చాయని ఆయన జీవితచరిత్రలు రాస్తాయి. తీసేసిన వాళ్ల హక్కుల కోసం, పనిలో ఉన్న వాళ్లు తమ జీతం వదులుకుని నిలబడ్డారన్నది మాత్రం విజయం లెక్కకు అందని సంగతి.

డబ్లిన్‌లో ఆహారపు ఓడ వచ్చినట్టు ఖరగ్‌పూర్‌కు ఏ ఓడా రాలేదు. గిరి తర్వాతి జీవితంలో సమ్మె కన్నా సంప్రదింపుల వైపు ఎందుకు మొగ్గారో అర్థం చేసుకోవాలంటే ఈ మూడు నెలలు గుర్తుంచుకోవాలి. కార్మిక వివాదాలు కోర్టులకు, ట్రిబ్యునళ్లకు వెళ్లకూడదని, యజమానీ సంఘమూ బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవాలని ఆయన పట్టు. దాన్ని గిరి విధానం అని పిలిచేవారు. వామపక్ష నాయకులు మెతకదనం అన్నారు. అందులో కొంత నిజం ఉంది. అయితే ఆ మెతకదనం ఆకలిని దగ్గరగా చూసినవాడిది. కార్మికుడికి ఎన్ని రోజుల బియ్యం ఉందో తెలియకుండా సమ్మెకు పిలుపిచ్చే నాయకుల కన్నా, లెక్క తెలిసి వెనకాడేవాడిని తప్పు పట్టడం కష్టం.

కొలంబో టీ, ఢిల్లీ బల్ల

తర్వాతి పదవుల జాబితా పొడుగు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మిక ప్రతినిధిగా లండన్. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించడం. క్విట్ ఇండియాలో జైలు.

1947లో నెహ్రూ ఆయన్ను సిలోన్‌కు హైకమిషనర్‌గా పంపారు. 1951 దాకా కొలంబోలో ఉన్నారు. మళ్లీ పరదేశ నివాసం, ఈసారి వలస భారతీయుల దేశంలో. కొండల మీద టీ తోటల్లో తరాలుగా పనిచేస్తున్న తమిళ కూలీలు లక్షల మంది. వాళ్లు కోసిన ఆకు డబ్లిన్ లాకౌట్ వంటింట్లో కూడా కాగి ఉంటుంది. 1948 పౌరసత్వ చట్టంతో సిలోన్ వాళ్లలో అత్యధికులను ఏ దేశానికీ చెందని వాళ్లుగా చేసింది. కార్మిక నాయకుడైన రాయబారి కళ్ల ముందే ఇది జరిగింది. రాయబారి చేయగలిగింది ఉత్తరాలు రాయడం, మాట్లాడటం. ఆయన దిగిపోయే నాటికి సమస్య తీరలేదు. దాన్ని తీర్చడానికి ఇంకో పదమూడేళ్లకు సిరిమావో, శాస్త్రి ఒప్పందం దాకా ఆగాల్సి వచ్చింది, అదీ సగమే.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించినప్పుడు రాజీనామా చేసి బయటికి వచ్చారు. పదవి కన్నా మాట ముఖ్యమని ఆయన నిరూపించుకున్న సందర్భం ఏదంటే ఇదే చెప్పుకోవాలి. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి, 1969 ఆగస్టు 24న రాష్ట్రపతి.

గిరి రాష్ట్రపతి భవన్‌లో ఉండగానే, 1974 మే 8న దేశమంతా రైళ్లు ఆగాయి. సమ్మెకు ముందు నిలిచింది గిరి స్థాపించిన రైల్వేమెన్స్ ఫెడరేషనే. అప్పుడు దాని అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. ఇందిరా గాంధీ ప్రభుత్వం వేల మందిని అరెస్టు చేసింది. ఉద్యోగాల్లోంచి తీసేసింది. చాలాచోట్ల క్వార్టర్లలోంచి కుటుంబాలను సామాన్లతో సహా బయటికి గెంటింది. 1927లో ఖరగ్‌పూర్‌లో కంపెనీ చేసిన పనిని ఇప్పుడు స్వతంత్ర దేశపు ప్రభుత్వం ఇంకా పెద్ద ఎత్తున చేస్తోంది, దాని అధినేత పేరు వి.వి.గిరి. మే 27న సమ్మె విరమించారు. 1954లో మంత్రిగా రాజీనామా చేసిన మనిషి 1974లో రాష్ట్రపతిగా రాజీనామా చేయలేదు. రాజ్యాంగం రాష్ట్రపతికి ఇచ్చిన చోటు చిన్నదని చెప్పొచ్చు, పదవీకాలం ఇంకో మూడు నెలలే ఉందనీ చెప్పొచ్చు. ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లలో ఆ మేలో ఉద్యోగం పోయిన వాళ్ల ఇళ్లలో ఈ రెండు జవాబులూ అన్నం వండవు.

ఆగస్టు 24న పదవి దిగారు. 1975లో భారతరత్న ఇచ్చారు. మద్రాసులో 1980 జూన్ 24న, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు ఉంది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఇప్పటికీ నడుస్తోంది. డబ్లిన్‌లో హెన్రియెట్టా స్ట్రీట్ 14వ నంబరు ఇల్లు 2018 నుంచి మ్యూజియం. వంద మంది ఎలా కాపురం చేశారో టిక్కెట్టు కొని చూడొచ్చు. వీధి చివర కింగ్స్ ఇన్స్‌లో విద్యార్థులు ఇంకా గౌన్లు వేసుకుని విందులకు వెళ్తూనే ఉన్నారు.